క్లెమెంటైన్ చూస్తోంది: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నిర్ణయాలను ఆడేవారి చేతిలో పెట్టే జాంబీ గేముల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గేమ్ చుట్టూ తిరిగాయి. టెల్‌టేల్ గేమ్స్ సంస్థ 2012 ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఐదు ఎపిసోడ్లుగా విడుదల చేసిన ‘ది వాకింగ్ డెడ్’ మొదటి సీజనే అది. రాబర్ట్ కిర్క్‌మన్ 2003లో మొదలుపెట్టిన కామిక్స్‌లోని లోకాన్ని తీసుకుని, అందులో కొత్త మనుషులను పుట్టించారు. ఆడనివారి కోసం కథ సంగ్రహంగా చెబుతాను. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో చరిత్ర బోధించిన లీ ఎవరెట్, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ఒక సెనేటర్‌ను చంపిన నేరానికి శిక్షపడి పోలీసు కారులో జైలుకు వెళ్తుండగా లోకం తలకిందులవుతుంది. చచ్చినవాళ్లు లేచి తిరగడం మొదలుపెడతారు. గేమ్‌లో వాళ్లను వాకర్లు అంటారు. కారు ప్రమాదం నుంచి బయటపడిన లీ, ఒక ఇంటి పెరట్లో చెట్టు మీద కట్టిన బొమ్మరింట్లో ఒంటరిగా దాక్కున్న ఎనిమిదేళ్ల క్లెమెంటైన్‌ను చూస్తాడు. ఆమె తల్లిదండ్రులు సవానా నగరానికి వెళ్లారు. ఇక ఆ పిల్ల భారం లీది, అంటే ఆడేవారిది. కింది జవాబుల్లో ముగింపుతో సహా కథంతా బయటపడుతుంది కాబట్టి, ఆడదలచుకున్నవారు ఆడి వచ్చి చదవడం మేలు.

ప్రశ్న: అచ్చం మనుషుల్లా కనిపించే బొమ్మలున్న గేములు ఎన్నో ఆడాను; ఏదీ నన్ను ఏడిపించలేదు. మందపాటి గీతలతో కామిక్ పుస్తకంలా గీసిన, నడకలో కూడా కాస్త బిగుసుకుపోయినట్టుండే ఈ బొమ్మల ముందు మాత్రం చివరి ఎపిసోడ్‌లో వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనే ఉన్న మా అన్నయ్య నవ్వాడు. ఇది నా బలహీనతా, లేక గేమ్ ఏదైనా మాయ చేసిందా?

జవాబు: బలహీనత కాదు. మాయ అన్న మాటకు మాత్రం నేను అడ్డుచెప్పను, ఎందుకంటే ఆ మాయను ఎలా అల్లారో పోగు పోగుగా విప్పి చూడవచ్చు. మొదటి ఎపిసోడ్‌లో లీ ఆ ఇంట్లో అడుగుపెట్టే ఘట్టాన్ని గుర్తుతెచ్చుకోండి. ఇల్లు ఖాళీగా ఉంటుంది, వంటింట్లో నేలంతా రక్తం. ఆన్సరింగ్ మెషీన్‌ను నొక్కితే మూడు సందేశాలు వరుసగా వినిపిస్తాయి. మూడూ ఆ పిల్ల తల్లివే. మొదటిదానిలో ప్రయాణం అనుకున్నట్టు సాగలేదన్న ఇబ్బంది, రెండోదానిలో దాచుకోలేని కంగారు, మూడోదానిలో నేరుగా కూతురితోనే మాట్లాడుతూ, ప్రేమిస్తున్నామని మళ్లీ మళ్లీ చెబుతుండగానే మధ్యలో తెగిపోయే గొంతు. పిల్ల ముఖాన్ని మనం ఇంకా సరిగా చూడనే లేదు. అయినా ఆమె తల్లిదండ్రులు ఇక రారని మనకు తెలిసిపోయింది, ఆమెకు తెలియదు. ఐదు ఎపిసోడ్ల పొడవునా ఆమె ‘అమ్మానాన్నలు సవానాలో ఉన్నారు కదా’ అన్న ప్రతిసారీ ఆ మూడో సందేశం మన చెవిలో మోగుతూనే ఉంటుంది. ఆమె మనల్ని నమ్మే కొద్దీ మనం దోషుల్లా ముడుచుకుపోతాం.

వెంటనే వచ్చే ఘట్టం నాకు మరీ ఇష్టం. వాకర్‌గా మారిన ఆయా లీ మీద పడుతుంది, అతను ఆ రక్తంలోనే కాలు జారి వెల్లకిలా పడతాడు. అప్పుడు క్లెమెంటైన్ వచ్చి సుత్తి అందిస్తుంది. మామూలు రచయిత అయితే పిల్లను ఆపదలో పెట్టి మన చేత రక్షింపజేసేవాడు. ఇక్కడ మనం ఆమెను కాపాడకముందే ఆమె మనల్ని కాపాడింది. ఆమె పట్ల మనకు జాలి కంటే ముందు పుట్టింది రుణం. జాలి కాసేపటికి తగ్గుతుంది, రుణం అలా తగ్గేది కాదు.

ఇక బొమ్మల సంగతి. క్లెమెంటైన్ ముఖంలో ఉన్నవి పెద్ద కళ్లూ, నాలుగు గీతలూ, తండ్రి ఇచ్చిన టోపీ. మిగతాదంతా గొంతు. ఆమెకు మెలిస్సా హచిసన్, లీకి డేవ్ ఫెన్నోయ్ గాత్రమిచ్చారు. ఒక పెద్దావిడ ఎనిమిదేళ్ల పిల్లగా మాట్లాడినా ఎక్కడా ముద్దుమాటల అతి లేకపోవడం చిన్న విషయం కాదు; వీడియో గేముల్లో పిల్లల గొంతులు విని చెవులు మూసుకున్న అనుభవం నాకు చాలా ఉంది. మీ అన్నయ్యను మొదటి ఎపిసోడ్ మొదటి అరగంట ఆడమనండి, తర్వాత నవ్వుతారో లేదో చూద్దాం.

ప్రశ్న: మొదటిసారి కార్లీని కాపాడాను, రెండోసారి డగ్‌ను. ఎవరిని బతికించినా మూడో ఎపిసోడ్‌లో చనిపోతున్నారు. ట్రాక్టర్ కింద కాలు ఇరుక్కున్న షాన్ ఎలాగూ బతకడు. ఆఖరికి లీ చేయి నరికినా నరకకపోయినా ఒకటే. ఆట మొదట్లో మాత్రం మన నిర్ణయాలను బట్టి కథ మలచబడుతుందని తెరమీద రాస్తారు. ఇది మోసం కాదా?

జవాబు: ఆ ప్రకటనలో అతిశయోక్తి ఉందని ఒప్పుకుంటాను. ఏ రాయి అయితేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్నట్టు, ఎటు వెళ్లినా అదే చావు ఎదురైతే రెండోసారి ఆడేవారికి ఒళ్లు మండడం సహజం. కాకపోతే కొంచెం లెక్క వేయండి. రెండు దారులున్న నిర్ణయాలు పది పెట్టి, ప్రతిదానికీ వేరే కథ రాయాలంటే చివరికి 1,024 కథలు కావాలి. ఒక్కొక్క దానికి సంభాషణలు రాయాలి, గొంతులు రికార్డు చేయాలి, బొమ్మలు కదిలించాలి. అది ఏ సంస్థకూ అయ్యే పని కాదు. అందుకే ఈ తరహా గేములన్నీ కొమ్మలను కాసేపు విడదీసి, మళ్లీ తెచ్చి మొదలుకే కడతాయి. తేడా ఎక్కడంటే, కట్టిన ముడి కనబడేలా కట్టారా, కనబడకుండా కట్టారా అన్న దగ్గర.

నా అభిప్రాయం ఇది: ఈ గేమ్‌లో నిర్ణయం అడిగేది ‘ఏం జరగాలి’ అని కాదు, ‘ఆ పిల్ల చూస్తుండగా నువ్వు ఎలాంటివాడివి’ అని. రెండో ఎపిసోడ్‌లోని మాంసం గదిని తీసుకోండి. పాడి క్షేత్రం యజమానులు నరమాంస భక్షకులని తేలాక, లీ బృందాన్ని ఆ గదిలో పెట్టి తలుపు వేస్తారు. లారీ అనే ముసలాయన గుండె ఆగి పడిపోతాడు. కరిచినా కరవకపోయినా చచ్చిన ప్రతివాడూ లేచే లోకం అది. ఆయన కూతురు లిల్లీ ఛాతీ మీద నొక్కుతూ బతికించాలని చూస్తుంది. బృందంలోని కెన్నీ, ఆయన లేచేలోపే తల పగలగొట్టాలంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. లిల్లీకి సాయపడితే, లారీ నోరు కదిలినట్టు అనిపించే క్షణంలోనే, కెన్నీ పశువులు నాకే ఉప్పు దిమ్మను ఎత్తి ఆయన తల మీద పడేస్తాడు. ఆయన ఊపిరి తీసుకున్నాడా, వాకర్‌గా లేవబోయాడా అన్నది గేమ్ ఎన్నటికీ చెప్పదు. ఏం చేసినా లారీ చచ్చాడు, నిజమే. కానీ ఆ ఇరుకు గదిలో క్లెమెంటైన్ కూడా ఉంది. మీరు లారీ కోసం కూర్చున్నారా, లిల్లీని పట్టుకుని ఆపి అతని తల పగలడానికి తోడ్పడ్డారా అన్నది ఆమె చూసింది. స్క్రీన్ మూలన ‘క్లెమెంటైన్ దీన్ని గుర్తుపెట్టుకుంటుంది’ అని పడే చిన్న వాక్యం ఈ గేమ్‌లో కనిపించినప్పుడల్లా నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడిని. నిజానికి ఆ వాక్యం చాలాసార్లు ఉత్తుత్తి బెదిరింపే, లోపల పెద్దగా ఏమీ మారదు. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే అది మన మనస్సాక్షి చేసే పనినే చేస్తోంది.

డగ్, కార్లీల విషయంలో కూడా చావు ఒకటే అయినా చచ్చిన తీరు ఒకటి కాదు. తుపాకీ గురి తప్పని విలేఖరి కార్లీ, బ్యాటరీలు లేని రేడియోతో కుస్తీపట్టి మనల్ని నవ్విస్తుంది. ఆమె లిల్లీ ముఖం మీదే నిజం చెప్పి, ఆ మాటకే తూటా తింటుంది. యంత్రాలతో తప్ప మనుషులతో అంతగా మాట్లాడలేని డగ్, బెన్ అనే కుర్రాణ్ని పక్కకు నెట్టి ఆ తూటాకు తాను అడ్డుపడతాడు. ఇద్దరూ తమ తమ స్వభావాన్ని బట్టే పోయారు.

చేయి నరకడం గురించి మీరు రాసింది చదివి కాసేపు ఆలోచించాను. నాలుగో ఎపిసోడ్ చివర లీని వాకర్ కరుస్తుంది. ఐదో ఎపిసోడ్‌లో చేయి తీసేస్తే విషం ఆగుతుందేమోనన్న ఆశతో రంపం ఎత్తే అవకాశం మనకిస్తారు. ఆగదు. కానీ ఆ క్షణంలో మీకు ఆ సంగతి తెలియదు కదా. క్లెమెంటైన్ దగ్గరకు చేరేదాకా బతికుంటే చాలనుకుని ఒక చేయిని వదులుకున్నారు. ఆ ఆశ మీది. ఫలితం శూన్యమని రెండోసారి తెలిసినంత మాత్రాన మొదటిసారి పడ్డ ఆశ అబద్ధమైపోదు.

ఇంకొక మాట. ఈ నిర్ణయాలన్నిటికీ లెక్క అడిగేవాడు కథలోనే ఒకడున్నాడు. రెండో ఎపిసోడ్ చివర అడవి దారిలో దీపాలు వెలుగుతూ, నిండా తిండి సామానుతో నిలబడి ఉన్న కారు కనిపిస్తుంది. అది ఎవరిదో అయి ఉంటే ఎలా అని క్లెమెంటైన్ ఒక్కతే అడుగుతుంది. మీరు వద్దన్నా మిగతావాళ్లు దోచుకుంటారు. ఆ కారు యజమానే క్లెమెంటైన్‌ను తీసుకుపోయి, ఐదో ఎపిసోడ్‌లో హోటల్ గదిలో లీని ఎదురుగా కూర్చోబెట్టి, మీరు అంతవరకు చేసినవి ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. ఆడేవారి నిర్ణయాలను కథలోని పాత్రే న్యాయవాదిలా చదివి వినిపించడం అంతకుముందు నేను ఎక్కడా చూడలేదు. వాడు పిచ్చివాడు, వాడి మాటలు నిజం. మనం తట్టుకోలేనిది ఆ రెండూ కలిసి రావడాన్నే.

మీ కోపంలో నాకు పూర్తిగా న్యాయమనిపించే అంశం వేరే ఉంది. ఒక పాత్ర బతకడమో చావడమో మన చేతిలో పెట్టాక, బతికిన ఆ పాత్రను తర్వాతి ఎపిసోడ్లలో దాదాపు మూగగా మార్చేస్తారు, ఎందుకంటే చంపేసినవారి ఆటలో ఆ మనిషి ఉండడు, కథలోని కీలకమైన మాటలేవీ ఆ మనిషి నోట పెట్టలేరు. రెండో ఎపిసోడ్‌లో డగ్ ఎన్ని మాటలు మాట్లాడాడో లెక్కపెట్టండి. కాపాడినందుకు దక్కింది ఇదా అనిపిస్తుంది. గంటస్తంభం మీద మీరు చేయి పట్టి పైకి లాగిన బెన్ కూడా తర్వాతి ఎపిసోడ్ దాటడు.

ప్రశ్న: నేను దాదాపు ప్రతిసారీ మౌనాన్నే ఎంచుకున్నాను. కొన్నిసార్లు కావాలనే, కొన్నిసార్లు టైమర్ అయిపోయి. ఆట తప్పుగా ఆడినట్టా?

జవాబు: కాదు. నాలుగు జవాబుల్లో ఒకటిగా మూడు చుక్కలు పెట్టి మౌనాన్ని కూడా ఒక మాటగా గుర్తించడం ఈ రాతలోని మంచి పనుల్లో ఒకటి. టైమర్ గీత కరిగిపోతుండగా తోచక ఊరుకున్నా, లీ ఊరుకున్నట్టే ఎదుటివారు తీసుకుంటారు; మీరేమీ అనలేదని గేమ్ కూడా రాస్తుంది. ఘోరం జరిగినప్పుడు సరైన మాట వెంటనే దొరికేవారు జీవితంలోనూ తక్కువే. అయితే క్లెమెంటైన్ ఏదైనా అడిగినప్పుడు మాత్రం ఊరుకోకుండా ఉంటే బాగుండేది.

ప్రశ్న: కెన్నీ మీద నాకున్నది ప్రేమో ద్వేషమో తేల్చుకోలేకపోతున్నాను. స్నేహితులతో ఈ విషయంలో గొడవలు కూడా పడ్డాను. ఒకే పాత్ర గురించి ఇంత పట్టుదలగా వాదించుకునేలా ఎలా రాయగలిగారు?

జవాబు: ఫ్లోరిడాకు చెందిన చేపల పడవవాడు కెన్నీ. భార్య కాట్యా, కొడుకు డక్. అతని తూకంలో మంచీ చెడూ లేవు. నా కుటుంబం వైపు నిలబడ్డావా లేదా అన్న రాయి ఒక్కటే ఉంది. షాన్, డక్ ఇద్దరూ ఒకేసారి ఆపదలో పడినప్పుడు మీరు షాన్ వైపు పరిగెత్తితే, షాన్ చచ్చాక కూడా కెన్నీ దాన్ని మరచిపోడు. నాలుగో ఎపిసోడ్ చివర, తప్పిపోయిన క్లెమెంటైన్‌ను వెతకడానికి తోడు రమ్మంటే, వస్తాడా రాడా అన్నది మీరు అంతవరకు అతని పక్కన ఎంత నిలబడ్డారన్న దాన్ని బట్టే తేలుతుంది. చాలా గేముల్లో ఇలాంటి లెక్క ఒక అంకెగా తెర మీద కనిపిస్తుంది. ఇక్కడ అది ఒక మనిషి మొండితనంలా, ఎత్తిపొడుపులా, కళ్లు తిప్పుకోవడంలా కనిపిస్తుంది.

రచయితలు అతన్ని అసహ్యించుకునేలా చేసి, సరిగ్గా అప్పుడే అతని గుండె తెరిచి చూపించారు. మూడో ఎపిసోడ్‌లో డక్‌ను వాకర్ కరిచింది. కెన్నీ రైలు నడుపుతూ, అదేమీ లేనట్టు ముందుకే చూస్తుంటాడు. రైలు ఆపించాల్సింది మీరు: మాటలతోనైనా, చేతులతోనైనా. నేను మొదట్లో కోపంగా మాట్లాడాను, ఎందుకంటే ఉప్పు దిమ్మ ఇంకా మరచిపోలేదు. కానీ అతను వాదిస్తున్నది నాతో కాదని, వినకూడదనుకుంటున్న ఒక వార్తతో అని అర్థమయ్యాక గొంతు దానంతటదే తగ్గింది. రైలు ఆగాక కాట్యా కొడుకుతో అడవిలోకి వెళ్లి తనను తాను కాల్చుకుంటుంది. మిగిలిన పని ఎవరు చేయాలన్న ప్రశ్న వస్తుంది. అది తండ్రి చేయాలా, ఆ భారం నేను ఎత్తుకోవాలా అని ఎంచుకునేటప్పుడు లారీ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మీ స్నేహితులతో గొడవ ఎక్కడిదో ఊహించగలను: రెండో సీజన్ ముగింపులో, మంచులో, కెన్నీ తమ బృందంలోని జేన్ అనే యువతిని చంపబోతుండగా క్లెమెంటైన్ చేతిలో తుపాకీ ఉంటుంది. కెన్నీ నిజస్వరూపం బయటపెట్టాలని జేన్ పసిబిడ్డను దాచిపెట్టి, చనిపోయాడని నమ్మిస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కరినీ పూర్తిగా సమర్థించలేకుండా ఆ ఘట్టం రాశారు. నేను కెన్నీ వైపు. ఎందుకని అడిగితే న్యాయం చెప్పలేను, పాత పరిచయం అంటాను. అదే కెన్నీ తర్కమని నాకు తెలుసు.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఈ గేమ్ ఆడి రెండు రోజులు దిగులుగా ఉన్నాడు. ఆడనివ్వవచ్చా?

జవాబు: అమెరికాలో దీనికి 17 ఏళ్లు పైబడినవారికి అన్న రేటింగ్, ఐరోపాలో 18 అన్న రేటింగ్ ఇచ్చారు, ఆ రేటింగులు సరైనవే. హింస కంటే ఎక్కువగా కుటుంబాలు విచ్ఛిన్నమయ్యే తీరు చిన్నవయసులో బరువవుతుంది. ఇప్పటికే ఆడేశాడు కాబట్టి తిట్టకుండా, ఎవరిని కాపాడావు, ఎందుకు కాపాడావు అని అడిగి చూడండి. చాలాసేపు మాట్లాడతాడు.

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఇలాంటిదే ఒక చిన్న గేమ్ తయారు చేస్తున్నాం. ఆడేవారికి పాత్రల మీద మమకారం కలగాలంటే రాసేటప్పుడు దేని మీద దృష్టి పెట్టాలి? చావుబతుకుల నిర్ణయాలు ఎన్ని పెట్టినా మా గేమ్ చప్పగానే ఉంటోంది.

జవాబు: చావుబతుకులు ఎక్కువ కావడమే మీ చిక్కు అయి ఉంటుంది. ఈ గేమ్‌లో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన నిర్ణయంలో ఎవరూ చావరు. రెండో ఎపిసోడ్ మొదట్లో, మూడు నెలలుగా ఒక మోటెల్‌లో తలదాచుకున్న బృందానికి తిండి పంచే పనిని, అందరూ తనను ఆడిపోసుకుంటున్నారని విసిగిపోయిన లిల్లీ, లీ చేతిలో పెడుతుంది. ఉన్నవి నాలుగే నాలుగు తినుబండారాలు. ఆకలిగొన్న నోళ్లు అంతకు రెట్టింపుకు పైనే. మీరు మోటెల్ ఆవరణలో నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, మాట్లాడి, ఇవ్వాలో వద్దో తేల్చుకోవాలి. పిల్లలిద్దరికీ ఇవ్వడం తేలికే. మిగిలిన రెండూ ఎవరికి? పొద్దంతా గొడ్డలి పట్టి పనిచేసేవాడికా, మిమ్మల్ని రోజూ తిట్టే ముసలాయనకా, మీకు మీరేనా? టైమర్ లేదు, వాకర్ లేదు. ఇచ్చాక వాళ్ల ముఖాలు చూడాలి, ఇవ్వక కూడా చూడాలి. ఆ పావుగంటలో అందరి పేర్లూ, కోపాలూ, ఎవరు ఎవరికోసం అడుగుతారన్నదీ మనకు పట్టుబడిపోతుంది. ఆ తర్వాత వాళ్లలో ఎవరికి ఏమైనా మనం ఊరుకోలేం, ఎందుకంటే వాళ్లకు పెట్టిందీ మనమే, పెట్టనిదీ మనమే. మీ గేమ్‌లో మొదటి చావుకు ముందు ఇలాంటి ఘట్టం ఒక్కటైనా ఉందా చూడండి.

రెండోది, చిన్న విషయాన్ని నాటి చాలాసేపు దాని జోలికి పోకుండా ఉండటం. రైలులో కలిసిన చక్ అనే దిమ్మరి, ఈ పిల్లను ఇలాగే ఉంచితే బతకదని లీకి నిర్మొహమాటంగా చెబుతాడు. అప్పుడు లీ ఆమెకు తుపాకీ పట్టడం నేర్పుతాడు, వాకర్ల చేతికి చిక్కకుండా జుట్టు కత్తిరిస్తాడు. కత్తెర చప్పుడు, రాలిపడే వెంట్రుకలు, ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చున్న పిల్ల. అప్పటికి అది రైలు ప్రయాణంలో ఒక విరామంలా అనిపిస్తుంది. చివరి ఎపిసోడ్‌లో, మూసిన దుకాణంలో చేతికి సంకెలతో కట్టుబడి, మాట పెగలని స్థితిలో లీ ఆమెకు చెప్పగలిగిన ఆఖరి జాగ్రత్తల్లో జుట్టు పొట్టిగా ఉంచుకోమన్నది ఒకటి. గంటలకొద్దీ నడిచిన కథలో మీరు మరచిపోయిన ఆ కత్తెర అక్కడ తగులుతుంది. షాన్ వానమన్, జేక్ రాడ్కిన్‌ల నేతృత్వంలో ఈ సీజన్ రాసినవారికి పెద్ద మాటల మీద నమ్మకం తక్కువ, వస్తువుల మీద ఎక్కువ: టోపీ, వాకీటాకీ, సుత్తి, కత్తెర.

మూడోది చెప్పేముందు ఒక ఎదురు ఉదాహరణ. 2013లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ డికే’లో మీ బృందంలోని మనిషి చచ్చిపోతే ఇక తిరిగిరాడు. రాసిన కథ అందులో తక్కువ. అయినా పదిసార్లు నాతో సామాను మోసుకొచ్చినవాడు పోయినప్పుడు బాధ కలిగింది. అదే ఏడాది వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’లో కథను మలుపు తిప్పే నిర్ణయం ఒక్కటీ మన చేతిలో లేదు, ముగింపులో జోయెల్ చేసేది మనకు నచ్చకపోయినా మన చేతులతోనే చేయిస్తారు. అక్కడా మమకారం పుట్టింది. కాబట్టి నిర్ణయాల సంఖ్యకూ మమకారానికీ నేరుగా సంబంధం లేదు. కలిసి గడిపిన కాలం, ఆ కాలంలో చేసిన పని, అది చూస్తున్న మరొకరు: ఈ మూడూ ఉంటే మీరు రెండే రెండు నిర్ణయాలు పెట్టినా చాలు. మీ గేమ్‌లో ఆడేవారిని చూస్తున్నది ఎవరు?

ప్రశ్న: మొదటి సీజన్‌లో ఉన్నంత ఆర్ద్రత తర్వాతివాటిలో లేదనిపించింది. క్లెమెంటైన్‌గానే ఆడుతున్నాం కదా, మరి ఎందుకు దగ్గర కావలసింది పోయి దూరమైంది?

జవాబు: మీరే కారణం చెప్పేశారు. 2013 డిసెంబరులో మొదలైన రెండో సీజన్‌లో పదకొండేళ్ల క్లెమెంటైన్ మనమే అయ్యాం కాబట్టి మనల్ని చూసే కళ్లు పోయాయి. లీగా ఉన్నప్పుడు అబద్ధమాడాలంటే ఆమె వైపు చూసి ఆగేవాళ్లం. క్లెమెంటైన్‌గా అబద్ధమాడితే ఎవరికి జవాబు చెప్పాలి? పెద్దవాళ్లంతా పదకొండేళ్ల పిల్లను ఏం చేద్దామని అడుగుతుండటం కూడా కాస్త నమ్మశక్యంగా ఉండదు.

అయితే ఆ సీజన్ వేరే దారి వెతుక్కుంది: ఆమె నొప్పిని మన చేతికి ఇచ్చింది. అడవిలో కలిసిన కుక్కతో ఆడుకుని, ఒక డబ్బా తిండి దగ్గర అదే కుక్క చేతిని చీల్చాక, అది వాకర్ కాటేమోనని భయపడిన కొత్తవాళ్లు ఆమెను కొట్టంలో పెట్టి తాళం వేస్తారు. ఆమె దొంగతనంగా సూదీ దారం తెచ్చుకుని తన చేయి తానే కుట్టుకుంటుంది. సూదిని చర్మంలోకి దించాల్సింది మనమే. ఒక్కసారిగా కాదు, కుట్టు తర్వాత కుట్టు. ఎవరూ చూడటం లేదు, ఎవరూ ఓదార్చరు. లీ లేడన్న సంగతి ముగింపులో కంటే నాకు అక్కడ ఎక్కువగా తెలిసింది.

2016 డిసెంబరులో మొదలైన మూడో సీజన్ గురించి తక్కువ చెబుతాను. బేస్‌బాల్ ఆటగాడు హావియేర్ కథగా అది చెడ్డది కాదు. కానీ రెండో సీజన్ ముగింపులో మనం అంతగా నలిగిపోయి ఎంచుకున్న కెన్నీనో జేన్‌నో గతం చెప్పే రెండు చిన్న ఘట్టాల్లో చంపి పక్కన పెట్టేశారు. కొమ్మలను ముడివేసేటప్పుడు ముడి కనబడకూడదన్నాను చూడండి, అక్కడ ముడి కాదు, కత్తిరింపే కనబడింది.

చివరి సీజన్ మాత్రం పోయినదాన్ని తిరిగి తెచ్చింది. అందులో పెద్దదైన క్లెమెంటైన్, తాను పెంచుతున్న ఏజే అనే చిన్నపిల్లవాడి ముందు లీ స్థానంలో నిలబడుతుంది. మళ్లీ రెండు కళ్లు మనల్ని చూస్తుంటాయి. కఠినమైన నిర్ణయం తీసుకునే విషయంలో నిన్ను నమ్ముతున్నానని అతనికి చెప్పామా లేదా అన్నదాన్ని బట్టి, చివరి ఎపిసోడ్‌లో వంతెన మీద ఎవరు బతుకుతారో మారుతుంది. మన మాట పిల్లవాడి చేతిలో పడి అక్కడ తూటా అయింది. ఈ సీజన్ నడుస్తుండగానే, 2018 సెప్టెంబరులో, టెల్‌టేల్ తన ఉద్యోగుల్లో అత్యధికులను తొలగించి మూతపడే స్థితికి వచ్చింది. కిర్క్‌మన్‌కు చెందిన స్కైబౌండ్ సంస్థ మిగిలిన ఎపిసోడ్లను చేపట్టి, పాత బృందంలోని కొందరిని తీసుకుని, 2019 మార్చిలో కథ ముగించింది. ఆ కొందరు తమను తాము ‘ఇంకా కరవబడని బృందం’ అని పిలుచుకున్నారు. ఒక పాత్రను మధ్యలో వదిలేయలేకపోవడం ఆడినవారికే కాదు, రాసినవారికీ పట్టిందన్నమాట.

ప్రశ్న: ఇన్ని జవాబులు చెప్పారు. మొదటి సీజన్ ముగింపులో మీరేం చేశారు? కాల్చమన్నారా, వదిలి వెళ్లమన్నారా?

జవాబు: వదిలి వెళ్లమన్నాను. చచ్చాక లీ లేచి తిరగబోతాడని తెలిసీ, తుపాకీ పట్టడం ఆమెకు నేర్పింది నేనే అయినా, ఆ తూటా నా మీద వాడటం నేర్పలేకపోయాను. తర్వాత చాలామంది కాల్చమన్నవారితో మాట్లాడాను. ఆమె భయపడకుండా చేయగలదని తెలియాలనే అలా చెప్పామన్నారు. అదీ ప్రేమేనని ఒప్పుకోక తప్పలేదు. రెండోసారి ఆడినప్పుడు ఆ రెండోది చూద్దామనే కూర్చున్నాను. హోటల్ గది దాటాను, వీధిలో క్లెమెంటైన్ తన తల్లిదండ్రులను వాకర్లుగా చూసి నిలబడిపోయిన చోటు దాటాను, దుకాణంలోకి వచ్చాను. ఆమె తుపాకీ రెండు చేతులతో పట్టుకుని, ఏం చేయమంటావని చూస్తోంది. మళ్లీ వెళ్లిపొమ్మనే చెప్పాను.